పెళ్లింటి బడలిక: ఏకాంతాన్ని పెళ్లయ్యేదాకా వాయిదా వేయకండి

మాఘం వచ్చిందంటే ఇంటికి శుభలేఖలు వరస కడతాయి. ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం దాకా ఆ వరస తెగదు. దగ్గరి చుట్టాల పెళ్లి ఒక్కపూటతో పోయేది కాదు. పెళ్లికొడుకుని చేయడం, హల్దీ, సంగీత్, ముహూర్తం, మర్నాడు సత్యనారాయణ వ్రతం, ఆపైన రిసెప్షన్. మూడు నాలుగు రోజులు వందల మంది మధ్యే తినాలి, తిరగాలి, పడుకోవాలి. కొంతమందికి అదే బలం. ఇంకొంతమంది మాత్రం రెండోరోజు సాయంత్రానికే డీలా పడిపోతారు. తల దిమ్మెక్కుతుంది, నోట మాట రాదు, మేనత్త ప్రేమగా పలకరించినా విసుక్కోవాలనిపిస్తుంది. మనుషులంటే ఇష్టం లేక కాదు, పెళ్లి నచ్చక కాదు. ఈ పోస్టు వాళ్ల కోసం, వాళ్లతో కలిసి బతికే ఇంటివాళ్ల కోసం కూడా.

ఈ బడలికకు మందు ఏకాంతమే, అందులో అనుమానం లేదు. కానీ "ఇదంతా అయ్యాక ఇంటికెళ్లి రెండు రోజులు తలుపేసుకుని పడుకుంటా" అని చివరికి దాచుకుంటే అది పనిచేయదు. పెళ్లి మధ్యలోనే, పావుగంట చొప్పున, అలసట పైకి కనిపించకముందే తీసుకోవాలి. ఎందుకో, ఎలాగో చెప్తాను.

అలసట ఆలస్యంగా వస్తుంది

అంతర్ముఖులు (ఇంట్రోవర్ట్‌లు), బహిర్ముఖులు (ఎక్స్‌ట్రోవర్ట్‌లు) అన్న విభజన 1921లో స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ రాతలతో బాగా ప్రచారంలోకి వచ్చింది. తర్వాతి కాలంలో మనస్తత్వవేత్తలు కొలిచి చూస్తే రెండు వేర్వేరు జాతులేమీ కనిపించలేదు. ఎక్కువమంది నడిమధ్యలోనే ఉంటారు, ఈ చివరా ఆ చివరా ఉండేది కొద్దిమందే. కాబట్టి "నేను ఇంట్రోవర్ట్‌నా కాదా" అని తేల్చుకునేదాకా ఆగక్కర్లేదు.

2017లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం ఇక్కడ బాగా పనికొస్తుంది. విశ్వవిద్యాలయ విద్యార్థుల చేత 12 రోజుల పాటు, రోజుకి ఐదుసార్లు, అప్పుడు ఏం చేస్తున్నారో, మనసెలా ఉందో, ఎంత అలిసిపోయారో రాయించారు. నలుగురితో కలిసి హుషారుగా మాట్లాడుతున్నప్పుడు వాళ్ల మనసు తేలికపడింది. కానీ దాదాపు మూడు గంటల తర్వాత అలసట పెరిగింది. కలుపుగోలు స్వభావం ఉన్నవాళ్లకీ అంతే. అంటే కబుర్లాడుతున్నప్పుడు మనకి తెలియదు, బాగానే ఉన్నామనుకుంటాం, ఇంకో గంట కూర్చుంటాం. దాని బరువు తర్వాత దిగుతుంది.

దీన్ని పెళ్లి షెడ్యూలు మీద పెట్టి చూడండి. సాయంత్రం 5 గంటలకి ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టి ఎదురొచ్చిన వాళ్లందరితో ఉత్సాహంగా మాట్లాడితే, 8, 9 గంటల మధ్య కూలబడతారు. సరిగ్గా భోజనాల వేళ, జనం అత్యధికంగా ఉండే వేళ. ముహూర్తం ఇంకా రానేలేదు. అందుకే "అలసట వచ్చినప్పుడు పక్కకి వెళ్దాం" అనుకోవడం తప్పు లెక్క. ఏడు, ఏడున్నరకే, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఒకసారి లేచి వెళ్లాలి. మళ్లీ పదింటికి ఒకసారి.

మనుషుల మీద పడే నిందలో సగం మనుషులది కాదు

"జనంలో ఉంటే నాకు తలనొప్పి" అనేవాళ్ల తలనొప్పిని విడదీసి చూస్తే, అందులో నిద్ర ఉంటుంది, నీళ్లు ఉంటాయి, మోత ఉంటుంది. ఈ మూడింటినీ ముందు సరిచేసుకుంటే మిగిలిన అలసటకి పావుగంట ఏకాంతం సరిపోతుంది. సరిచేయకపోతే మూడు రోజుల ఏకాంతం కూడా చాలదు.

నిద్ర సంగతి. కోస్తా వైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ. జీలకర్ర బెల్లం అర్ధరాత్రి దాటాక పడితే తలంబ్రాలు, అరుంధతీ దర్శనం, అప్పగింతలు అయ్యేసరికి తెల్లవారిపోతుంది. పొద్దున్నే వ్రతం. తెలంగాణలో పగటి ముహూర్తాలు ఎక్కువగా కనిపిస్తాయి కానీ అక్కడ బరాత్ రాత్రిని మింగేస్తుంది. రాత్రి ముహూర్తం అయితే ఆ మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల మధ్య పడుకోండి. రెండే కొలతలు గుర్తుంచుకోండి: 20 నిమిషాలు, లేదా గంటన్నర. నలభై, యాభై నిమిషాలకి లేస్తే గాఢనిద్రలోంచి లేచినట్టయి ఇంకా మత్తుగా, చిరాగ్గా ఉంటుంది. గంటన్నర దొరకదనుకుంటే అలారం పెట్టుకుని 20 నిమిషాలతో ఆపేయాలి. రాత్రి 11 గంటలకి మేలుకోవడం కోసం తాగే ఫిల్టర్ కాఫీ కూడా లెక్కలోకి తీసుకోండి. కెఫీన్ సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే తెల్లవారుజామున 4 గంటలకి మీరు పక్క మీద వాలినప్పుడు ఆ కప్పులో సగం ఇంకా ఒంట్లోనే ఉంటుంది. చివరి కాఫీ ఎనిమిదిలోపు అయితే మేలు.

నీళ్ల విషయం ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు, వాళ్లకే బాగా తెలుసు. పట్టుచీర కట్టుకుని, ఫంక్షన్ హాల్ బాత్రూమ్ దగ్గర క్యూలో నిలబడి, తడినేల మీద కుచ్చిళ్లు పట్టుకుని తంటాలు పడటం ఇష్టం లేక పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. సాయంత్రానికి తల పగిలిపోతుంటుంది. ఆ నొప్పిని చుట్టాల ఖాతాలో రాసేస్తారు. నా మాట విని, విడిదిలో గది ఎవరి పేరు మీద ఉందో కనుక్కుని, ఆ బాత్రూమ్ వాడుకునే ఏర్పాటు ముందే చేసుకోండి. రెండు గంటలకో గ్లాసు నీళ్లు, మధ్యలో ఒకసారి ఉప్పేసిన మజ్జిగ. ఖాళీ కడుపుతో స్వీట్లు, కూల్‌డ్రింకులు పడితే గంటలోనే నీరసం తన్నుకొస్తుంది. ఆఖరి బంతి దాకా ఆగకుండా 7 గంటలకే రెండు ఇడ్లీలో, కాస్త పెరుగన్నమో తినేయండి. పెళ్లికూతురి అమ్మానాన్నలు కన్యాదానం దాకా ఉపవాసం ఉంటారు. వాళ్లని ఆ రోజు ఎవరూ ఎక్కువసేపు నిలబెట్టి మాట్లాడించకుండా ఉంటే అదే పెద్ద సాయం.

ఇక మోత. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన హాళ్లలో అన్నిటికన్నా ఎక్కువ ఓపికని పీల్చేసేది ఇదే. 85 డెసిబెల్స్ మోతని చెవి రోజుకి 8 గంటలు తట్టుకుంటుందని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. నాలుగు గోడల మధ్య డీజే బాక్సుల ముందు వంద దాటడం ఏమంత కష్టం కాదు. ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుంటే కచ్చితంగా కాకపోయినా ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

చెవి చెడటం ఒక ఎత్తు, బుర్ర అలసిపోవడం ఇంకో ఎత్తు. మోతలో మన గొంతు మనకి తెలియకుండానే పెరుగుతుంది. 1911లో ఎతియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని గమనించి చెప్పాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. మీరు గొంతు పెంచుతారు, పక్కవాళ్లూ పెంచుతారు, హాలంతా పెరుగుతుంది. అందులోంచి ఎదుటి మనిషి మాటని ఏరుకోవడానికి మెదడు ప్రతి క్షణం పనిచేయాలి. సగం వినిపించక, పెదాలు చూసి ఊహించి, "ఆఁ ఆఁ" అని తల ఊపుతుంటాం. ఒక గంట ఇలా మాట్లాడితే ప్రశాంతమైన గదిలో మాట్లాడినదానికంటే ఎక్కువ బడలికగా ఉంటుంది.

చేయగలిగింది చాలా ఉంది. స్పీకర్లు సాధారణంగా స్టేజీకి రెండు పక్కలా ఉంటాయి. ముందు వరసల్లో ఆ చివరా ఈ చివరా కుర్చీలు మానేసి మధ్య నుంచి వెనక్కి వెళ్లండి. ఆరుబయట దూరం రెట్టింపు అయిన కొద్దీ సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాల్లో గోడలు తిరగ్గొడతాయి కాబట్టి అంత తగ్గదు, అయినా తేడా తెలుస్తుంది. వీపు గోడకి ఆనేలా కూర్చుంటే వెనక నుంచి భుజం తట్టి పిలిచేవాళ్లు ఉండరు. అనుకోకుండా ఉలిక్కిపడటం తగ్గితే అదే సగం విశ్రాంతి.

చెవిలో దూది పెట్టుకోవడం మనవాళ్ల అలవాటు. దానివల్ల తగ్గేది చాలా కొద్ది. మందుల షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు కొనండి, పెట్టుకోవడంలోనే ఉంది కిటుకంతా. ముందు చేతులు కడుక్కోండి. ప్లగ్‌ని రెండు వేళ్ల మధ్య నలిపి, ముడతల్లేకుండా సన్నటి పుల్లలా చుట్టండి. ఎదురు చేతిని తల మీదుగా తీసుకొచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడు చెవి దారి తిన్నగా అవుతుంది. ప్లగ్ లోపలికి తోసి, అది ఉబ్బి నిలబడేదాకా ముప్పై సెకన్లు వేలితో అదిమి ఉంచండి. చాలామంది ఆ ముప్పై సెకన్లు ఆగరు, చెవి లాగరు, అందుకే "ఇవి పనిచేయవు" అంటారు. బయటికి సగం పొడుచుకొచ్చి కనిపిస్తే సరిగ్గా వెళ్లలేదన్నట్టే. బరాత్‌లో, బ్యాండు మేళం పక్కన నడిచేటప్పుడు ఇవి తప్పనిసరి. పిల్లలకైతే తల మీదుగా పెట్టే ఇయర్‌మఫ్‌లు మంచివి. రాత్రి తొమ్మిదింటికి నాలుగేళ్ల పిల్లాడు కారణం లేకుండా నేల మీద పడి ఏడుస్తున్నాడంటే మొండితనం అనుకోకండి, వాడూ మీలాగే ఈ మోతకి అలిసిపోయాడు, చెప్పడం రాదంతే.

నవ్వు మొహం, సమాధానాలు, ఒక పని

ఇప్పుడు మిగిలింది అసలు మనుషుల వల్ల వచ్చే అలసట. దీనికి పెద్ద కారణం మాట్లాడటం కాదు, మొహం మీద నవ్వుని నిలబెట్టుకోవడం. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే సిబ్బంది గురించి రాస్తూ, లోపల లేని నవ్వుని గంటల తరబడి మొహం మీద నిలబెట్టడం కూడా ఒళ్లు వంచి చేసే చాకిరీ లాంటి పనేనని చూపించారు. స్టేజీ మీద నాలుగు గంటలు నిలబడి ఫొటోలకి నవ్వే పెళ్లికూతురిని చూస్తే ఆ మాట అర్థమవుతుంది.

మనకి ఎదురయ్యే ప్రశ్నలు కొత్తవేం కాదు. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు, ప్యాకేజీ ఎంత, ఇల్లు కొన్నావా, ఎందుకింత చిక్కిపోయావు. ప్రతిసారీ కొత్తగా జవాబు వెతుక్కోవడం, నొచ్చుకోవడం, దాన్ని దాచుకోవడం, ఇదంతా ఖర్చు. ఒక్కో ప్రశ్నకి ఒకటే జవాబు ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి, పదిమందికీ అదే చెప్పండి. "చూస్తున్నారండీ, కుదిరితే మీకే ముందు చెప్తాం" అని వెంటనే ఆగకుండా వాళ్ల సంగతి అడగండి. "మోకాళ్ల నొప్పి ఎలా ఉంది పిన్నీ? ఆపరేషన్ అన్నారు కదా?" మామూలు ప్రశ్న కాకుండా ఇలా నిజంగా వాళ్లకే చెందినది అడిగితే పది నిమిషాలు వాళ్లే మాట్లాడతారు. మీకు నిజంగా వాళ్ల మోకాళ్ల మీద ఆదుర్దా ఉంటేనే అడగండి, లేకపోతే అది కూడా నటనే అవుతుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం ఒక పని పట్టుకోవడం. పని ఉన్నవాళ్లని ఎవరూ మూలన కూర్చున్నారనరు, పని చుట్టూ నడిచే మాటలకి హద్దు ఉంటుంది. కానీ ఏ పని పడితే అది కాదు. ద్వారం దగ్గర పన్నీరు చల్లి గంధం రాసే పని అసలు వద్దు. వచ్చే ప్రతి మనిషికీ నవ్వాలి, పేరు గుర్తురాకపోతే తడబడాలి, పైగా బ్యాండు పక్కనే. వడ్డన ఫరవాలేదు, ఒళ్లు అలుస్తుంది కానీ మనసు అలవదు. నేనైతే చదివింపులు రాసే పనికి ఓటేస్తాను.

ఈ పని చూడటానికి చిన్నది, పద్ధతిగా చేయాలి. గీతల లాంగ్‌బుక్ ఒకటి, రెండు పెన్నులు, రబ్బరు బ్యాండ్లు, తాళం ఉన్న సంచి. మొదటి పేజీలో పైన పసుపు రాసి, శ్రీరామ అని మొదలుపెడతారు. వరస సంఖ్య, పేరు, ఊరు, మొత్తం, వస్తువైతే వస్తువు. కూర్చునేది తప్పకుండా ఇద్దరు, ఒకరు తీసుకుని లెక్కపెడతారు, ఇంకొకరు రాస్తారు. ఊరు రాయడం మర్చిపోతే ముగ్గురు సుబ్బారావులు ఒకే పేజీలో తేలి, రేపు వాళ్లింటి పెళ్లికి ఎంత చదివించాలో తెలియక ఇంట్లో గొడవ. కవరు ఇస్తే దాని మీద వరస సంఖ్య వేసి, విప్పకుండా సంచిలో పడేయడం సులువు. కొన్ని ఇళ్లలో అక్కడే విప్పి రాయాలంటారు, ముందే ఇంటిపెద్దని అడగండి. ప్రతి పేజీ చివర కూడిక వేసి ఇద్దరూ సంతకం చేస్తే రాత్రి అప్పగించేటప్పుడు మాట పడాల్సిన పని ఉండదు. ఒక్కో మనిషితో అర నిమిషం సంభాషణ, మధ్యలో బల్ల అడ్డం, ఏం మాట్లాడాలో ముందే తెలుసు. నలుగురిలో ఉంటారు, కానీ మీ మీద ఎవరి చూపూ నిలవదు. ఒక్కటే ఇబ్బంది, డబ్బు వదిలి లేవలేరు. కాబట్టి గంటన్నరకోసారి కూర్చోవడానికి మూడో మనిషిని ముందే మాట్లాడి పెట్టుకోండి.

పావుగంట ఎలా గడపాలి

2018లో మనస్తత్వవేత్త తుయ్-వీ న్యూయెన్, ఆమె సహచరులు చేసిన ప్రయోగాల్లో జనాన్ని 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టి చూశారు. ఉద్రేకంతో కూడిన భావాలు, ఆందోళనైనా ఉత్సాహమైనా, రెండూ నెమ్మదించాయి. ఆ ఏకాంతం తాము కోరుకున్నదైతే ఇంకా హాయిగా ఉంది. కాబట్టి పదిహేను నిమిషాలు చిన్నవేం కాదు.

అలాగని ఉత్తినే గోడ చూస్తూ కూర్చోవడం అందరికీ పడదు. 2014లో అమెరికాలో ఒక ప్రయోగంలో ఏ పనీ లేకుండా 15 నిమిషాలు ఆలోచనలతో ఒంటరిగా కూర్చోమంటే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు, పక్కనున్న మీట నొక్కి తమకి తామే చిన్న కరెంటు షాక్ ఇచ్చుకున్నారు. చేతికో కాలికో ఏదో ఒక పని ఉండాలి. నడవండి. జడ విప్పి మళ్లీ అల్లుకోండి. మల్లెపూలు దారానికి గుచ్చండి. జపమాల తిప్పే అలవాటుంటే తిప్పండి.

ఫోన్ మాత్రం వద్దు. ఫోన్ తీస్తే అదే పెళ్లి కుటుంబ వాట్సాప్ గ్రూపులో మీ కోసం కాచుకుని ఉంటుంది. ఇప్పుడే తీసిన ఎనభై ఫొటోలు, డల్లాస్‌లో ఉన్న బావ వీడియో కాల్, "ఎక్కడున్నావ్?" అన్న మెసేజ్. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అలారం ఒక్కటి ఉంచండి.

చోటు విషయంలో, బాత్రూమ్ సరికాదు, బయట ఇంకొకరు తలుపు కొడతారు. వంటశాల వెనక ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ పొగ, గిన్నెల చప్పుడు. మేడ మీద వాటర్ ట్యాంకు పక్క, హాల్ ఆవరణలో గుడి ఉంటే దాని వెనక అరుగు, పార్కింగ్‌లో మీ కారు మంచివి. కారు అయితే సెల్లార్‌లో గానీ మూసిన షెడ్‌లో గానీ ఇంజిన్, ఏసీ వేసుకుని అద్దాలు ఎత్తి పడుకోకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఆరుబయట, నీడలో, అద్దాలు దించి కూర్చోండి.

ఇంకో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. పెళ్లింట్లో మనిషి కనిపించకపోయినా, తలుపు దగ్గరికి వేసినా, మనవాళ్లకి ముందు తట్టే అర్థం అలిగారని. మగపెళ్లివారి వైపు మనిషైతే ఇక చెప్పక్కర్లేదు, అయిదు నిమిషాల్లో బతిమాలడానికి బృందం వచ్చేస్తుంది. అప్పుడు ఏకాంతం పోయి పంచాయితీ మొదలవుతుంది. కాబట్టి చెప్పకుండా మాయమవ్వకండి. ఒక్కరికి, అందరికీ చెప్పగలిగిన ఒక్కరికి, కారణం, తిరిగొచ్చే టైము, రెండూ చెప్పి వెళ్లండి. "వదినా, తల బరువుగా ఉంది, పావుతక్కువ ఎనిమిదికి వచ్చేస్తా, ఎవరైనా అడిగితే చెప్పు." టైముకి తిరిగి రావడం ముఖ్యం. రెండుసార్లు చెప్పిన టైముకి వస్తే మూడోసారి ఎవరూ వెతకరు.

బయల్దేరడం కూడా ముందే తేల్చుకోవాలి. భార్యాభర్తల్లో ఒకరికి ఉండాలని, ఒకరికి వెళ్లాలని ఉంటే అక్కడ నిలబడి తేల్చుకోలేరు. ఏ ఘట్టం దాకా ఉండాలో ఇంట్లోనే అనుకోండి, తలంబ్రాలు చూసి వెళ్దామని గానీ, తాంబూలం తీసుకుని వెళ్దామని గానీ. మన దగ్గర అందరికీ చెప్పి రావడానికే ముప్పావుగంట పడుతుంది కాబట్టి, అనుకున్న టైముకి అంత ముందే లేవాలి. కుదిరితే రెండు బండ్లలో వెళ్లడం ఎంతో సుఖం.

ఇల్లే విడిది అయితే

రెండు పడగ్గదుల ఫ్లాట్లో తొమ్మిదిమంది చుట్టాలు దిగితే, వెళ్లి దాక్కునే గదే ఉండదు. ఇలాంటప్పుడు బజారు పనే ఏకాంతం. పాలు, పెరుగు, పువ్వులు, అరిటాకులు, ఇస్త్రీ బట్టలు, వీటిని ఒకేసారి తెచ్చేయకండి, విడివిడిగా తెండి. ఆ దారంతా మీ ఏకాంతమే.

మగవాళ్లకి ఈ వెసులుబాటు తేలిగ్గా దొరుకుతుంది, ఇంటి ఇల్లాలికి దొరకదు. పొద్దున 5 గంటలకి లేచిన మనిషి రాత్రి పక్కలు పరిచేదాకా ఒక్క క్షణం ఒంటరిగా ఉండదు, మధ్యలో కూర్చున్నా "అమ్మా, కొంచెం మంచినీళ్లు" అని ఎవరో ఒకరు. ఇది ఆమె ఓర్పుతో తీరే సమస్య కాదు, పని పంచుకుంటేనే తీరుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక 40 నిమిషాలు ఆమెవి. ఆ సమయంలో కాఫీలు, నీళ్లు, పిల్లలు భర్త పూచీ, ఆమె మేడ మీద ఉన్నా, పక్కింటి గదిలో పడుకున్నా ఎవరూ పిలవకూడదు. తర్వాత 40 నిమిషాలు ఆయనవి. గట్టిగా అమలు చేయాల్సింది భర్తే, ఎందుకంటే చుట్టాల ముందు ఆమె నోరు తెరిచి అడగలేకపోతుంది.

మర్నాడు

తిరిగొచ్చిన మర్నాడు ఆఫీసు పెట్టుకోకండి. కుదరకపోతే కనీసం ఆ పూట ఫోన్ కాల్స్ పెట్టుకోకండి. స్నానం, చారన్నం లాంటి తేలిక భోజనం, మూట విప్పి బట్టలు సర్దడం, మొక్కలకి నీళ్లు, సాయంత్రం అరగంట నడక, ఇంత చాలు. చాలామంది చేసేది పగలంతా నిద్రపోవడం. సాయంత్రం 4 దాటి పడుకుంటే రాత్రి నిద్ర రాదు, ఆ బడలిక ఇంకో రోజుకి పాకుతుంది.

ఆ రోజు మనసు ఇంకో పని కూడా చేస్తుంది, నిన్న అన్న ప్రతి మాటనీ తిప్పి తిప్పి చూస్తుంది. "బాబాయితో అలా అన్నానేంటి, ఏమనుకున్నాడో." ఒంటరిగా ఉన్నా ఇది విశ్రాంతి కాదు, ఇంకా ఆ హాల్లోనే ఉన్నట్టు. మనసులో తిరిగేదాన్ని కాగితం మీద రెండు లైన్లు రాసి, నిజంగా క్షమాపణ అవసరమైతే రేపు ఫోన్ చేయాలని రాసుకుని మూసేయండి. ఆ రెండు లైన్లు రాశాక చాలావరకు ఫోన్ అవసరం ఉండదు.

మామూలుగా ఒకటి రెండు రోజుల్లో మళ్లీ ఎవరికైనా ఫోన్ చేయాలనిపించాలి. అలా కాకుండా రెండు వారాలైనా దిగులు వదలక, ఒంటరిగా ఇష్టంగా చేసుకునే పనుల మీద కూడా ఆసక్తి పోతే, నిద్ర, ఆకలి తప్పితే, అది బడలిక కాదు, కుంగుబాటు కావచ్చు. వెళ్లడానికి వారం ముందు నుంచే గుండె దడ, ఏదో వంకతో మానేయడం, అందరూ నన్నే చూస్తున్నారన్న భయం ఉంటే అది సోషల్ యాంగ్జైటీ కావచ్చు. రెండింటికీ మంచి చికిత్స ఉంది. 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులో మాట్లాడొచ్చు. జనం ఉన్నా లేకపోయినా నెలల తరబడి నీరసమే అయితే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి.

పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి. ఒకప్పుడు పెళ్లిళ్లలో సందడి చేసిన తాతయ్య ఇప్పుడు ఓ మూల ముభావంగా కూర్చుని, తొందరగా ఇంటికి పోదామంటుంటే, స్వభావం మారిందనుకునే ముందు చెవి చూపించండి. వినికిడి తగ్గినవాళ్లకి మోతలో మాటలు పట్టుకోవడం మనకంటే ఎన్నో రెట్లు కష్టం. వినికిడి యంత్రం పెట్టినా అది మాటతో పాటు మోతని కూడా పెంచుతుంది. ఆయన పక్కన ఒక్కరే కూర్చుని, మొహం ఎదురుగా పెట్టి, అరవకుండా నిదానంగా మాట్లాడితే చాలు.

పెళ్లి చేసేవాళ్లకి ఒక విన్నపం. హాల్ బుక్ చేసేటప్పుడు పెళ్లికూతురి గది, పెళ్లికొడుకు గది కాకుండా ఇంకో గది అడగండి. స్టేజీకి దూరంగా, కుదిరితే పై అంతస్తులో. రెండు చాపలు, నాలుగు దిండ్లు, నీళ్ల క్యాను, ఫ్యాను, ఆర్పగలిగే లైటు. బాలింతలు, పసిపిల్లలు, పెద్దవాళ్లు, తల దిమ్మెక్కినవాళ్లు, ఎవరైనా వెళ్లి కాసేపు పడుకునేలా. ఆ గదిలోకి డెకరేషన్ పెట్టెలు, స్వీటు డబ్బాలు, తాంబూలం సంచులు చేరకుండా చూసుకోండి, చేరాయంటే అది గంటకోసారి తలుపు తెరుచుకునే గోడౌన్ అయిపోతుంది. తాళంచెవి క్యాటరింగ్ వాళ్లకి కాకుండా, ఇంట్లో అందరూ మొహమాటం లేకుండా అడగగలిగే ఒక పిన్నికో పెద్దమ్మకో ఇచ్చి, ఆ మాట దగ్గరివాళ్లందరికీ ముందురోజే చెప్పండి.